మొండయ్య తాత, నీళ్లు తాగే ఉప్పు

లోకంలో మనుషులు రెండే రకాలని మొండయ్య తాత నమ్మకం: ల్యాబ్ తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు. మొదటి రకంలో ఆయన ఒక్కడే ఉండేవాడు. కెమిస్ట్రీ చెప్పిన లెక్చరర్లను కూడా ఆయన రెండో రకంలోనే పడేశాడు. “వాళ్లకేం ఎర్క? సుద్దముక్క వట్టుకొని గోడకు పాఠం చెప్పి పోయేటోళ్లు. ఏ సీసా ఏ అల్మారిల ఉన్నదో ఒక్కనికి తెల్వది” అనేవాడు, ఆ సీసాలను కన్నది తానే అన్నట్టు.

ఇంతకీ ఆ ల్యాబ్‌లో తాత వెలగబెట్టింది గాజు గొట్టాలు కడగడం. ఏడో తరగతి తప్పి, ఆదిలాబాద్‌లో ఒక కాలేజీ గేటు దగ్గర కాపలాకు చేరాడు. ల్యాబ్ అటెండర్ మంచాన పడేసరికి “జర కొన్నొద్దులు చూస్కో” అని ఈయనను లోపలికి తోలారు. ఆ కొన్నొద్దులు రిటైరయ్యేదాకా సాగాయి. గొట్టాలు కడిగాడు, స్పిరిట్ దీపాల్లో స్పిరిట్ పోశాడు, గాజు పగిలితే నేరం పిల్లల మీదికి తోసేశాడు. పిల్లలు చేసే ప్రయోగాలను వెనక నుంచి చూసి పెదవి విరిచాడు. పెదవి విరవడంలో మాత్రం ఆయనను మించినవాడు ఆ జిల్లాలో లేడు.

ఆయన చేతిలో పెట్టిన బాధ్యతల్లో కాస్త గౌరవమైనది ఒక్కటే. డెసికేటర్ అనే మందపాటి గాజు డబ్బా ఒకటి ఉండేది. దాని అడుగున తెల్లటి పెళ్లలు పోసి, పైన చిల్లుల పళ్లెం పెట్టి, తడి తగలకూడని పదార్థాన్ని ఆ పళ్లెంలో ఉంచేవాళ్లు. మూత అంచుకు గ్రీజు రాసి బిగిస్తే లోపలి గాలిలో ఉన్న తేమనంతా ఆ తెల్ల పెళ్లలు లాగేసుకునేవి. అవి మెత్తబడ్డాక తీసేసి కొత్తవి పోయడం తాత పని. సీసా మీద పేరు కాల్షియం క్లోరైడ్, అన్‌హైడ్రస్. అంటే లోపల నీటి బొట్టు కూడా లేనిదని. ఉన్న దాహమంతా దానిదే.

“అన్‌హైడ్రస్” అన్న ఆ ఒక్క మాట కోసమే తాత ఆ ఉద్యోగం చేశాడేమో. పెళ్లిలో, చావులో, బస్సులో, ఎక్కడ సందు దొరికినా ఆ మాటను జొప్పించేవాడు. లెక్చరర్ల దగ్గర విన్న ముక్కలన్నీ ఏరుకొచ్చి చెప్పేవాడు. ఈథర్‌లో తడి ఉంటే ఈ ఉప్పు వేసి తీసేయొచ్చట. స్పిరిట్‌లో తడిని మాత్రం తీయలేదట, స్పిరిట్‌కే అతుక్కుపోతుందట. ఈ మాట విన్న రోజు ఆయన భార్య పోశవ్వ “గట్లయితే అది నీ తమ్ముడే. సారా కనవడ్డకాడ నువ్వు గూడ గంతే గదా” అంది. ఆ తర్వాత పోశవ్వ ముందు స్పిరిట్ సంగతి ఆయన ఎత్తలేదు.

రిటైరైన నాడు కాలేజీ వాళ్లు ఒక దండ, ఒక గోడ గడియారం ఇచ్చారు. గడువు దాటిన సరుకును పారేస్తుంటే, మైనంతో మూతులు మూసిన ఆ ఉప్పు సీసాలను మాత్రం తాత సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చాడు. గడియారం ఆగిపోయింది. సీసాలు అటక మీద కూర్చున్నాయి, ఎప్పుడు ఎవరి కొంప ముంచుదామా అన్నట్టు.

పోశవ్వ సంగతి వేరు. తాత ల్యాబ్‌లో పెదవి విరుస్తున్న కాలమంతా ఆమె నల్లరేగడిలో పత్తి పండించింది. మొగుడు చేలోకి వచ్చేవాడు కాదు. బురద అంటితే ప్యాంటు పాడైపోతుందని ఆయన బాధ. పోశవ్వ పత్తి ఏరితే ఆకు ముక్క కనబడదు, పురుగు కాయ కలవదు. మార్కెట్ యార్డులో పత్తి కొనేవాళ్లు పక్క రైతులతో “పోయి పోశవ్వ పత్తి చూసి రాండ్రి” అనేవాళ్లు. ఆ మాట విన్న రోజు ఆమె ఇంటికొచ్చి మొగుడిని కూడా మంచిగా పలకరించేది. ఆమె సంపాదించుకున్నదంటూ ఉంటే ఆ పేరే.

ఈసారి మొదటి ఏరుడు ఇంటికి చేరగానే ముసురు పట్టింది. పత్తి నడిమి గదిలో దూలాలను తాకేంత కుప్పగా పడింది. లోపల చెయ్యి పెడితే చల్లగా, చెమ్మగా తగిలింది. యార్డులోని కొనుగోలు కేంద్రంలో తేమ చూసే మిషన్ ఉంటుంది. ఎనిమిది శాతం దాకా చూపితే మంచిదే, పన్నెండు దాటితే బండిని తిప్పి పంపుతారు.

“ఎండ గొట్టినంక వాకిట్ల ఆరబోస్త. గప్పటిదాక దాని జోలికి పోకు” అంది పోశవ్వ, మొగుడి కళ్లు అటక వైపు తిరగడం చూసి.

“ఎండనట, ఎండ! ఎండను నమ్ముకొని బతికేది ఎన్కటి మనుషులు. సైన్సు ఎందుకున్నదే?”

“సైన్సుంటే సైన్సునే తిను. పొద్దుగూకినంక అన్నమని పిలువకు” అని ఆమె చేను వైపు వెళ్లిపోయింది. చేనులో నిలిచిన వాన నీళ్లకు కాలువ తీయాల్సి ఉంది.

ఆమె గడప దాటిందో లేదో తాత సీసాలు దింపాడు. పాత పంచెను ముక్కలుగా చింపి, ఒక్కో ముక్కలో గుప్పెడు తెల్ల పెళ్లలు వేసి మూటలు కట్టసాగాడు. సరిగ్గా అప్పుడే పోశవ్వ తమ్ముడు కైలాసం వచ్చాడు. బెల్లంపల్లి బొగ్గు గనుల్లో పనిచేసి దిగిపోయిన మనిషి. అక్కను చూసి పోదామని వచ్చి ఈ బావకు చిక్కాడు.

“ఏంది బావా, తాయెత్తులు గడుతున్నవా? ఏమన్న గాలి సోకిందా?”

“తాయెత్తులు గావు. కాల్షియం క్లోరైడ్. అన్‌హైడ్రస్.”

“ఓ, గిదా! మా గనికాడ బొగ్గు బండ్లు నడిచే తొవ్వ మీద సల్లేది గిదే గదా, దుమ్ము లేవకుంట. గాలిల తేమ గుంజుకొని, మండే ఎండల గూడ తొవ్వను తడితడిగనే వట్టుకొని ఉండేది. చెప్పులకు జిగట లెక్క అంటేది.”

తాత మూట కట్టడం ఆపి బామ్మర్దిని జాలిగా చూశాడు. “కైలాసం, నేను ఆరబెట్టుడు ముచ్చట చెప్తుంటే నువ్వు తడుపుడు ముచ్చట చెప్తున్నవ్. ఒక్కటే మందు ఒకకాడ ఎండబెట్టి ఇంకోకాడ తడుపుతదా? బొగ్గుపొడి ముక్కులకే పోయిందనుకున్న. మెదడుకు గూడ ఎక్కింది.”

“నీకే ఎర్కుంటది తియ్యి బావా” అని కైలాసం చాయ్ తాగి, చేను దగ్గరికి పోయి అక్కను పలకరించి, అటు నుంచి అటే బస్సెక్కాడు. తాత తిట్లు తిన్నవాళ్లలో ఎవరూ రెండోసారి కూర్చుని చెప్పరు. ఆయనకు ఎవరూ ఏమీ నేర్పలేకపోయింది అందుకే.

కైలాసం చెప్పింది, తాత చెప్పింది ఒక్కటే సంగతి. ఈ ఉప్పు నీళ్లను లాగుతుంది. లాగిన నీళ్లను ఎక్కడికీ పంపదు, తన దగ్గరే పెట్టుకుంటుంది. కడుపు పట్టనంత లాగాక తానే ఆ నీళ్లలో కరిగిపోతుంది. గాజు డబ్బాలో అయితే అడుగున గిన్నె ఉంది, పైన బిగించిన మూత ఉంది, కాబట్టి సాగింది. నడిమి గదికి మూత ఎక్కడిది? పైగా మూటలను పత్తి కుప్పలో దూర్చాక “గాలి ఆడాలె” అని తాత కిటికీ బార్లా తెరిచి పెట్టాడు. బయట ఆదిలాబాద్ ముసురు. మూటలు పత్తిలో ఉన్న కాస్త చెమ్మను తాగి, దాహం తీరక, కిటికీలోంచి వచ్చే గాలిని కూడా తాగడం మొదలుపెట్టాయి. తాగిందంతా పంచె ముక్కల్లోంచి పత్తిలోకి దిగింది.

ముసురు విడిచింది. పోశవ్వ గడప దగ్గరున్న పత్తిని వాకిట్లో పరిచి, తిరగేసి, ఎండబెట్టింది. లోపలి కుప్ప సగం అలాగే ఉంది.

“లోపటిది నేను ఆరబెట్టిన” అన్నాడు తాత, ఎటో చూస్తూ.

“నువ్వా?”

“నేనే. నిన్న ఎండల, నువ్వు చేన్ల ఉన్నప్పుడు.”

మొగుడు వంగి తట్ట ఎత్తి, పత్తిని వాకిట్లోకి మోసి, సాయంత్రం మళ్లీ లోపలికి మోశాడని పోశవ్వ అనుకుంది. ఇన్నేళ్ల కాపురంలో మొదటిసారి నా చేను పని ముట్టుకున్నాడు అనుకుంది. నమ్మింది. ఆ పూట ఆయన పళ్లెంలో నెయ్యి కూడా పడింది. తాత ఆ నెయ్యి తిన్నాడు. సిగ్గన్నది ఉంటే గొంతు దిగేది కాదు.

బండి వచ్చే రోజు తెల్లవారగానే, ఎవరూ రాకముందే ఆయన కుప్పలో చేతులు పెట్టి మూటలు లాగాడు. వట్టి గుడ్డలే వచ్చాయి. చేతికి జిగటగా అంటింది. లోపల పెళ్ల కాదు కదా, పిండి కూడా లేదు. ఇంకొకడైతే ఈ ఉప్పు ఎటు పోయిందిరా అని బుర్ర గోక్కునేవాడు. తాత మొహం వెలిగిపోయింది. దీపంలో స్పిరిట్ అయిపోయిందంటే గిన్నెలో నీళ్లు కాగినట్టే కదా. మందు అయిపోయిందంటే పని అయిపోయినట్టే. ఆ సంబరంలో, బండివాళ్లు లోపలి కుప్పను అడుగున, పోశవ్వ వాకిట్లో ఎండబెట్టినదాన్ని పైన పోస్తుంటే, తాను మిగిలిన ఒక్క సీసాను సంచిలో వేసుకున్నాడు. యార్డులో మిషన్ తక్కువ అంకె చూపగానే అందరూ ఎట్లా ఎట్లా అని అడుగుతారు, అప్పుడు సీసా తీసి చూపించి నాలుగు ముక్కలు చెప్పాలి. ఆ నాలుగు ముక్కలను దారి పొడుగునా బండిలో పెదాల మీదే తిప్పుకున్నాడు.

యార్డులో తేమ చూసే పిల్లగాడి పేరు ఓంప్రకాశ్. ఇంట్లో మరాఠీ, యార్డులో తెలుగు మాట్లాడేవాడు. పోశవ్వను చూడగానే నవ్వాడు. “నీ పత్తికి మిషన్ ఎందుకు పోశవ్వా, పద్ధతి గాబట్టి పెడుతున్న” అంటూ మిషన్ సూదులు పైపైన గుచ్చాడు. ఎనిమిదిన్నర. “సూసినవా!” అన్నాడు వెనకున్న రైతుతో. ఆ తర్వాత చెయ్యి చాచి లోపలికి గుచ్చాడు.

మిషన్ మీద అంకె ఎగిరి, ఎగిరి, ఇక చూపలేక గీతలు పెట్టింది. తడి ఒక్కటే అయితే అంత ఎగిరేది కాదు. తడికి ఉప్పు తోడైతే సూదుల మధ్య కరెంటు పరుగులు పెడుతుంది. ఆ సంగతి ఓంప్రకాశ్‌కు తెలియదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేయి దాకా పత్తిలో పెట్టి తీశాడు. చెయ్యి తడిగా, మెరుస్తూ వచ్చింది. అతని నవ్వు పోయింది.

“పైన పొడి, లోన తడి. ఏంది పోశవ్వా? బరువు తూగాలని నువ్వు గూడ నీళ్లు సల్లుడు వట్టినవా?”

వరుసలో ఉన్నవాళ్లంతా మెడలు సాచారు. పత్తి మీద నీళ్లు చల్లి తెచ్చే దొంగలు ప్రతి ఏడూ దొరుకుతూనే ఉంటారు. దొరికినవాళ్ల పేరు మైకులో చదివి, ఆ సీజనంతా గేటు లోపలికి రానివ్వకపోవడం ఆ యార్డులో కట్టుబాటు.

“నేను నీళ్లు సల్లుతనా బిడ్డా? నా చేతులు ఇరిగిపోవాలె” అంది పోశవ్వ. తానే వెళ్లి పత్తిలో చెయ్యి పెట్టింది, తీసింది, ఆ చేతిని చూసుకుంటూ నిలబడిపోయింది.

“నేనేం జేత్త చెప్పు. నిన్ను ఒదిలిపెడితే రేపు అందరు గిదే ముచ్చట చెప్తరు” అని ఓంప్రకాశ్ మైకు గది వైపు చెయ్యి ఊపాడు.

మొండయ్య తాత బండి చాటున నిలబడి ఉన్నాడు. ఆ తడి చేతులను చూడగానే ఆయనకు అంతా అర్థమైంది. గుడ్డల్లో లేని ఉప్పు ఎక్కడుందో, నీళ్లు ఎక్కడ ఉన్నాయో, జిగట ఎందుకైందో, కైలాసం ఏం చెప్పాడో. నిజం చెప్పాలంటే ఆయన ముందు చేసిన పని యార్డు మూలనున్న చాయ్ డబ్బా కొట్టు వైపు నడవడం. నోరు మూసుకుంటే పోశవ్వ దొంగ అవుతుంది. దొంగతనం వచ్చే సీజన్‌కల్లా మరుస్తారు. నోరు తెరిస్తే తాను వెర్రివాడు అవుతాడు. వెర్రితనాన్ని ఆ యార్డు ఆయన పాడె మీద కూడా గుర్తు చేస్తుంది. ఇదీ ఆ ల్యాబ్ మనిషి వేసిన లెక్క. చాయ్ డబ్బా దగ్గరికి కూడా చేరాడు.

మైకు గరగరలాడింది. “రైతులకు తెలియజేయునది ఏమనగా...” అని గొంతు సవరించుకుంది. పోశవ్వ కొంగు మొహం మీదికి లాక్కుంది. ఎండకు, వానకు, చావుకు కూడా మొహం దాచుకోని మనిషి ఆమె.

“ఆపుండ్రి!” అని తాత అరిచాడు. అరిచిన మరుక్షణం చింతించాడు కూడా. కానీ అప్పటికే అందరూ ఆయన వైపు తిరిగారు.

“ఆమె సల్లలే” అన్నాడు దగ్గరికొచ్చి. “ఆమెకు గంత తెలివి లేదు. గా నీళ్లు నేను దెచ్చిన. బిందెతోని గాదు. గాలిలకెల్లి.”

“తాగి వచ్చిండా?” అన్నాడు ఎవడో.

తాత వాడిని చూడను కూడా లేదు. చాయ్ డబ్బా మీద నుంచి స్టీలు గ్లాసు అందుకొని సగం నీళ్లు పోయించుకున్నాడు. సంచిలోంచి సీసా తీసి, మైనం గీకి, గుప్పెడు తెల్ల పెళ్లలు అందులో వేసి పుల్లతో తిప్పాడు. గ్లాసును ఓంప్రకాశ్ చేతిలో పెట్టాడు.

“వట్టుకో.”

“ఏముంది గిండ్ల... అరే బాబా!” ఓంప్రకాశ్ గ్లాసు వదిలేసి చెయ్యి ఊదుకున్నాడు. “పొయ్యి మీద వెట్టకుంటనే కాగింది గదా!”

“నీళ్లంటే దానికి గంత ఆత్రం. పడంగనే గట్ల వేడెక్కుతది. దీన్నే మూటలు గట్టి పత్తిల వెట్టిన. ఇగ నీ చేతికున్న తడిని నాలుకకు పెట్టి చూడు. నీళ్లయితే సప్పగుంటయి.”

ల్యాబ్‌లో ఏ పిల్లవాడైనా వేలు నోట్లో పెట్టుకుంటే వీపు మీద చరిచిన మనిషి అన్న మాట అది. ఓంప్రకాశ్ వేలి కొనను నాలుకకు తాకించి తుపుక్కున ఉమ్మాడు. “ఉప్పుప్పగ... చేదు!”

ఓంప్రకాశ్ మెల్లగా అడిగాడు. “అంటే పెద్దమనిషీ, పత్తి ఆరాలని నీళ్లు గుంజే మందును పత్తిలనే పెట్టినవు.”

“అవ్.”

“గా మందు నీళ్లు గుంజింది.”

“మస్తు గుంజింది.”

“గుంజి, యాడికి వోయింది?”

తాత ఆకాశం వైపు చూశాడు. యార్డు రేకుల కప్పు వైపు చూశాడు. చివరికి పత్తి వైపు చూడక తప్పలేదు. “గండ్లనే ఉన్నది” అన్నాడు.

ముందు నవ్వింది మైకు ముందున్నవాడు. మైకు కట్టేయడం మరిచి నవ్వాడు. పోశవ్వ పేరు చదవాల్సిన మైకులోంచి ఆ నవ్వు గేటు దాటి, జిన్నింగు మిల్లు దాకా వినబడింది. హమాలీలు నవ్వారు, డ్రైవర్లు నవ్వారు. చాయ్ డబ్బావాడు పాడైన గ్లాసును చూసుకుంటూనే నవ్వాడు. తాత మాత్రం ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. వీళ్లలో ఒక్కడైనా అన్‌హైడ్రస్ అని నోరు తిరిగి పలకగలడా అన్నట్టు చూశాడు. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

“నీళ్లు సల్లిన కేసు గాదిది” అన్నాడు ఓంప్రకాశ్ కళ్లు తుడుచుకొని. “పోశవ్వా, తడిసింది ఏరి పక్కకు దియ్యి. పొడిది నేను తీసుకుంట. గేటు బంద్ లేదు నీకు.” మైకు వైపు తిరిగి చెయ్యి అడ్డంగా ఊపాడు.

పోశవ్వ మొహం మీది కొంగు తీసింది. పత్తి ముందు కూర్చుని, చేత్తో ముట్టి చూస్తూ, పొడిది ఒకవైపు, జిగటది ఒకవైపు వేయసాగింది. తాత కాసేపు నిలబడి, సైన్సుతో సంబంధం లేని పనిలా గొంతుక్కూర్చుని తానూ ఏరాడు. రెండోసారే పొడి కుప్పలోకి తడిది వేశాడు. పోశవ్వ తీసి అటు విసిరింది.

“వానల ఉప్పు ఆరబెట్టినోడు ఒకడున్నడంటరు, గది నువ్వేనా పెద్దనాయినా?” వెనక బండి యజమాని తిరుమల అందుకున్నాడు. చాలాసేపటి నుంచి నాలుక దురద పెడుతున్నట్టుంది. “పోశవ్వా, గిసొంటి పిచ్చోన్ని ఎట్ల ఏలుకుంటున్నవే? మావోడైతే కట్టేసి ఉంచుదుం.”

జనం మళ్లీ నవ్వబోయారు. పోశవ్వ చేతిలోని పత్తిని కింద పెట్టి, లేచి, కొంగు నడుముకు దోపింది.

“పిచ్చోడే. నేను గాదన్ననా?” అంది. “బుర్రల గుజ్జు లేనోడు. ఒక్క పని సక్కగ చేసిన మొకం గాదు. గాని దొంగ గాదు. నువ్వు గింత తెలివిగలోనివి గద తిరుమలా, నీ బండి కింద నేల ఎందుకు నానిందో జర వంగి చూడు. మాకాడైతే మందు వెట్టినం. నువ్వేం వెట్టినవ్?”

అందరూ ఒక్కసారే వంగారు. తిరుమల బండి పలకల సందుల్లోంచి నీళ్లు ఒక్కో చుక్కే పడుతూ, కింద సిమెంటు మీద తాపీగా పారుతున్నాయి. ఓంప్రకాశ్ మిషన్ అందుకొని అటు నడిచాడు.

మొండయ్య తాత ఒక్కడే వంగలేదు. తిరుమలను పైనుంచి కిందికి చూసి, తన పెదవిని ఎప్పటిలాగే విరిచాడు.

“నీళ్లు సల్లేటందుకు సదువక్కర్లే పోశీ” అన్నాడు. “బిందె ఉంటే సాలు.”

“నోరు మూసుకొని గా తట్ట ఇటియ్యి” అంది పోశవ్వ.

తాత తట్ట ఇచ్చాడు.